విచారణసంఘముల సిఫారసులు అమలగుచున్నవా?

(తెల్లాపూరున చదువరుల సభయందు ఒక న్యాయవాది గావించిన ఉపన్యాసము)

 

నేడు మీరు నాకొసగిన విషయము వినుటకు ఇంపైనది కాదు. కర్మాగారములలో మనుష్యులు చనిపోయినప్పుడు ప్రభుత్వము విచారణ జరిపించును. విచారించినవారు కారణములను తెలిపి, ఇకముందు అట్టిది జరుగకుండుటకు ఏమేమి చేయవలెనో వ్రాసి యిత్తురు. వ్రాసినది జరుగుచున్నదా? జరుగనిచో అడుగువారెవ్వరు? ఇదియే ప్రశ్న. నా సమాధానమును మొదటనే చెప్పివేసెదను. మనకు విచారణలకు కొఱతలేదు, సిఫారసులకును కొఱతలేదు. సిఫారసునందుకొన్న యధికారి ఇన్ని దినములలో ప్రజలకు బహిరంగముగ జవాబు చెప్పితీరవలెనను నియమమునకే కొఱత. ఆ నియమము వచ్చువఱకు ఎన్ని సంఘములు కూర్చున్నను ఫలము స్వల్పము.

ముందుగా మన పొరుగున జరిగినదానిని స్మరింతము. తెల్లాపూరునుండి రామచంద్రాపురము, పటాన్‌చెరు దాటి పోయినచో పాశమైలారము పారిశ్రామికవాడ వచ్చును. అచ్చట సిగాచీ ఇండస్ట్రీసువారి కర్మాగారమున కొయ్యగుజ్జునుండి మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ అను తెల్లని పొడిని తయారుచేయుచుండిరి. మనము మ్రింగు మందుమాత్రలు విరిగిపోక నిలుచుటకు ఆ పొడిని కలుపుదురు. 2025 జూన్ 30వ తేదీ సోమవారము ఉదయము, కూలీలు పనిలోనుండగా, ప్రేలుడు సంభవించి కట్టడము కూలిపోయెను. 46 మంది మృతదేహములను గుర్తింపగలిగిరి. మఱి యెనమండుగురి జాడయే తెలియలేదు. మొత్తము 54 ప్రాణములు. వారిలో పెక్కుమంది బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశము మున్నగు చోట్లనుండి కూటికై వచ్చినవారు. శరీరములు ఆనవాలు పట్టరానివైనందున డి.ఎన్.ఏ. పరీక్షల ఫలితములకై బంధువులు దినములతరబడి నిరీక్షించిరి. ఎనిమిది కుటుంబములకు అంత్యక్రియలు జరుపుటకు దేహమే దొరకలేదు.

ఇది మన జిల్లాకు మొదటి హెచ్చరిక కాదు. అంతకు పదునేను నెలలకు ముందు, 2024 ఏప్రిల్ 3వ తేదీన, హత్నూర మండలము చందాపూరున ఎస్.బి. ఆర్గానిక్స్ కర్మాగారమున ప్రేలుడు సంభవించి పలువురు మరణించిరి. అప్పుడును అధికారులు వచ్చిరి, మంత్రులు పరామర్శించిరి, విచారణలు జరిగినవి. ఆ విచారణలలో తెలిసికొన్న పాఠములు పాశమైలారమునకు ప్రయాణము చేసినవా? కొన్ని గంటల ప్రయాణము కూడ లేని దూరము! ఈ ప్రశ్నకు జవాబును ఏ కచ్చేరీలో అడుగవలెనో కూడ మనలో అనేకులకు తెలియదు. రోగమచ్చటనే యున్నది.

ఇతరదేశములలో ఏమి చేయుచున్నారో చూతము. ఇంగ్లాండున అసహజమరణము సంభవించినచో కరోనరు అను అధికారి విచారించును. చనిపోయినదెవరు, ఎప్పుడు, ఎచ్చట, ఎట్లు అను నాలుగు ప్రశ్నలకు జవాబు తేల్చుట ఆయన పని. దోషిని నిర్ణయించుట ఆయన పని కాదు. 2009 నాటి శాసనము దానిని నిషేధించుచున్నది. కాని ఇట్టి మరణములు మరల జరుగు ప్రమాదము కలదని విచారణలో తోచినచో, దానిని నివారింపగల సంస్థకు, అది ప్రభుత్వశాఖయైనను, ఆసుపత్రియైనను, వ్యాపారసంస్థయైనను, ఆయన నివేదిక పంపితీరవలెను. అందుకొన్నవారు 56 దినములలో వ్రాతమూలమున జవాబీయవలెను. ఏమి చేసితిమి, ఏమి చేయబోవుచున్నాము, ఎప్పటిలోపల. చేయనిచో ఏల చేయము, అని చెప్పవలెను. నివేదికయు జవాబును ప్రధాన కరోనరునకు చేరును. ఆయన వానిని ప్రకటింపవచ్చును. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమున 2008 నాటి శాసనము ప్రకారము ప్రభుత్వసంస్థలు మూడునెలలలో జవాబీయవలెను. ఆ జవాబును అందఱికి అందుబాటులోనుంచుదురు.

అచ్చటను అంతయు స్వర్గమని నేను చెప్పుటలేదు. జవాబీయవలెనని శాసనము నిర్బంధించుచున్నదేకాని, సిఫారసును నెఱవేర్పవలెనని నిర్బంధించుటలేదు. అయినను ఒక మేలు కలదు. జవాబు కాగితముమీదికి వచ్చినచో, అది శుష్కవాగ్దానమైనదియు లోకమునకు తెలియును. జవాబే రానిచో, ఆ మౌనమును ఒక సాక్ష్యమగును.

మన దేశమునకు కరోనరు అంతగా పరిచితుడు కాడు. ఇంగ్లీషు ప్రభుత్వము 1871లో శాసనము చేసి ఆ పదవిని రాజధానీనగరములకే పరిమితము గావించెను. బొంబాయిలో మిగిలిన పదవియు 1999లో అంతరించినది. మన పల్లెలకు అది యెన్నడును రాలేదు. మనకున్నది పంచనామా. పోలీసు అధికారి ఇద్దఱు పెద్దమనుష్యుల యెదుట శవమును పరీక్షించి, గాయములను వర్ణించి, పైకి కనబడు మరణకారణమును వ్రాయును. 2024 జూలై 1వఱకు ఇది క్రిమినలు ప్రొసీజరు కోడు 174వ సెక్షను క్రింద జరిగెడిది; ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహిత 194వ సెక్షను క్రింద జరుగుచున్నది. ఆంధ్రప్రదేశమునుండి వెళ్లిన యొక అప్పీలులో 1975లో సుప్రీంకోర్టు, పంచనామా పరిధి మరణకారణమును పైపైన తెలిసికొనుటవఱకేయని చెప్పినది. ఆ కాగితమున "ఇకముందు ఏమి చేయవలెను" అను గడియే లేదు. పాశమైలారమున జాడ తెలియని యెనమండుగురి విషయమున పరీక్షించుటకు శవమే లేదు.

అయినచో కర్మాగారముల శాసనము లేదా యని మీరడుగవచ్చును. ఆ ప్రేలుడునాటికి 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము అమలులోనుండెను. దాని 88వ సెక్షను ప్రకారము ప్రాణనష్టము కలిగిన ప్రతి ప్రమాదమును గూర్చి సమాచారమందిన నెలలోపల అధికారి విచారణ జరుపవలెను. 90వ సెక్షను ప్రకారము రాష్ట్రప్రభుత్వము సమర్థుని నియమించి బహిరంగవిచారణ చేయింపవచ్చును; ఆయనకు సాక్షులను పిలిపించుటకు సివిలు కోర్టు అధికారములు కలవు. ఇంతవఱకు బాగుగనే యున్నది. ఆ సెక్షనులోని యొక మాట వినుడు: ప్రభుత్వమునకు ఉచితమని తోచినచో ఆ నివేదికను ప్రకటింపవచ్చును. ఉచితమని తోచినచో! తోచనిచో? శాసనము మౌనము వహించినది.

1984లో భోపాలున వేలకొలది జనులు విషవాయువుచే మరణించిన తరువాత, 1987లో ఈ చట్టమునకు ఒక క్రొత్త అధ్యాయమును చేర్చిరి. అపాయకరములైన కర్మాగారములలో అసాధారణస్థితి యేర్పడినచో కేంద్రప్రభుత్వము విచారణసంఘమును నియమింపవచ్చునని అందు 41-డి సెక్షను చెప్పినది. ఆ సెక్షనులోనే, ఆ సంఘము సిఫారసులు సలహారూపములు మాత్రమేయని వ్రాసియుంచిరి. భోపాలు తరువాత కూడ మన శాసనకర్తలు విచారణసంఘమునకు సలహాయిచ్చు నోటిని మాత్రమే యిచ్చిరి.

సిఫారసునకును తీర్పునకును గల భేదమును మీకు తెలిసిన యుదాహరణముతో చెప్పెదను. ఈ దేశమున వ్యాజ్యగాని కష్టములు డిక్రీ పొందిన దినముననే ఆరంభమగునని మా న్యాయవాదులలో ఒక పాతమాట కలదు. అయినను డిక్రీ పొందినవానికి ఒక ఆధారమున్నది. పండ్రెండేండ్లలోపల అమలు దరఖాస్తు వేసికొనవచ్చును. ప్రతివాది యాస్తిని జప్తు చేయింపవచ్చును. కోర్టు అమీను గుమ్మమెక్కి తలుపు తట్టును. విచారణసంఘము సిఫారసునకు అట్టి దరఖాస్తు లేదు. అమీను లేడు. ప్రతివాది యెవ్వరో కూడ తెలియదు. ఏలయన "సంబంధితశాఖలు తగుచర్యలు తీసికొనవలెను" అనుటతో వాక్యము ముగిసిపోవును. కర్మాగారమును తనిఖీచేయువారొకరు, అగ్నిమాపకశాఖ వేఱు, కాలుష్యనియంత్రణమండలి వేఱు, బాయిలర్ల అధికారి వేఱు, స్థలమిచ్చిన పారిశ్రామిక మౌలికవసతుల సంస్థ వేఱు. అందఱికి చెప్పినది ఎవ్వరికిని చెప్పనట్లే. ఉమ్మడిగొడ్డు పుచ్చి చచ్చెనను మన సామెత ఊరకే పుట్టలేదు.

నివేదికను ప్రకటించిన మాత్రమున చాలునా? చాలదనుటకు విశాఖపట్టణము నిదర్శనము. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురమునొద్ద ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీన్ ఆవిరి వెలువడి, నిద్రలోనున్న జనులపై క్రమ్మెను. 12 మంది మరణించిరి. నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన నియమింపబడిన ఉన్నతాధికార సంఘము రెండునెలలలో సమగ్రమైన నివేదిక నిచ్చెను. ప్రభుత్వము దానిని బహిరంగముచేసెను, అందులకు అభినందింపవలసినదే. ట్యాంకులోని ఉష్ణోగ్రతను అడుగుభాగముననే కొలుచుచుండిరనియు, చల్లబఱచు ఏర్పాటు చాలకుండెననియు, రసాయనము గడ్డకట్టకుండ కలుపవలసిన నిరోధకము చాలినంత లేదనియు ఆ నివేదిక తెలిపినది. అన్నిటికంటె హృదయవిదారకమైనది మఱియొకటి. అపాయమును చాటు సైరనును మ్రోగించుటకు 36 చోట్ల సదుపాయముండియు, ఆ రాత్రి అది మ్రోగలేదు.

అంత స్పష్టముగ వ్రాసిన పాఠమును విశాఖపట్టణమునకు కొద్దిదూరముననున్న అచ్యుతాపురము చదివెనా? అచ్చటి ప్రత్యేక ఆర్థికమండలిలో 2023 జూన్ 30న సాహితీ ఫార్మాలో ప్రేలుడు సంభవించెను. 2024 ఆగస్టు 21న ఎసెన్షియా కర్మాగారమున ద్రావకము కారి, క్రింది అంతస్తున విద్యుత్పరికరములపై పడి, ప్రేలుడై 17 మందిని బలిగొనెను. ఒక్కొక్క ప్రమాదమునకు కారణము వేఱు, నేను కాదనను. కాని కారెడి గొట్టమును, మ్రోగని సైరనును, తర్ఫీదు లేని కూలీని వెదకిపట్టు తనిఖీ ఒక్కటే. ఎసెన్షియా ప్రమాదము తరువాత మరల ఒక ఉన్నతస్థాయి సంఘము నియమింపబడినది. మొదటి సంఘము చెప్పినవానిలో ఎన్ని నెఱవేఱినవో లెక్క చెప్పింపకయే రెండవ సంఘమును నియమించుట మనకు అలవాటైపోయినది.

పాశమైలారమునకు దగ్గఱి యుదాహరణము అమెరికాయందు కలదు. పిండిమరలోని పిండి, ప్రత్తిమిల్లులోని నూగు, చక్కెరపొడి, కొయ్యపొడి, ఇవి కుప్పగానున్నప్పుడు నిరపాయములు. సన్నని ధూళియై గాలిలో చెదరి, మూసియున్నచోట నిప్పురవ్వ తగిలినచో, అవియే మందుగుండువలె ప్రేలును. మొదటి ప్రేలుడు గోడలపైని, దూలములపైని పేరుకొన్న ధూళిని లేపును. అది రెండవమాఱు ప్రేలును. కట్టడమును కూల్చునది తఱచుగ రెండవదే. సిగాచీ ప్రేలుడునకు కారణమిదియేయని నేను తీర్పు చెప్పుటలేదు. అది విచారణకర్తల పని. పొడి తయారగు ప్రతిచోట ఈ భయము కలదని మాత్రము చెప్పుచున్నాను.

అమెరికా రసాయన ప్రమాదముల విచారణమండలి 2006లో ఈ విషయమునే పరిశోధించెను. 1980 మొదలు 2005 వఱకు ఆ దేశమున ఇట్టి ధూళి ప్రమాదములు 281 జరిగినవనియు, 119 మంది చనిపోయిరనియు, 718 మంది గాయపడిరనియు లెక్కతేల్చి, దీనికి ప్రత్యేకనియమములు చేయుడని కార్మికరక్షణశాఖకు సిఫారసు చేసెను. రెండేండ్లు తిరుగకమునుపే, 2008 ఫిబ్రవరి 7న, జార్జియా రాష్ట్రమున ఇంపీరియల్ షుగర్ కర్మాగారమున చక్కెరధూళి ప్రేలి 14 మంది చనిపోయిరి. అటుపిమ్మట 2009లో నియమములకు ఆ శాఖ పూనుకొనెను. 2017లో ఆ ప్రయత్నమును విడిచిపెట్టెను. కాబట్టి ధనిక దేశములును సిఫారసులను అటకెక్కింపగలవు. ఐనను ఒక భేదమున్నది. ఆ మండలి తానుచేసిన ప్రతి సిఫారసుకెదురుగ అది యెవ్వరికి చేసినది, వారేమనిరి, పని ముగిసినదా లేదా, అని వ్రాసి లోకమునకు చూపుచు వచ్చినది. నేను తెల్లాపూరున నిలిచి ఈ తేదీలన్నియు మీకు చెప్పగలుగుటకు కారణమదియే. మన జిల్లా ప్రమాదములనుగూర్చి అట్లు చెప్పగలనా?

సిగాచీ ప్రమాదము తరువాత తెలంగాణ ప్రభుత్వము ఉన్నతాధికారులతో ఒక సంఘమును, శాస్త్రజ్ఞులతో నిపుణులసంఘమును నియమించెను. ఉన్నతన్యాయస్థానమున ప్రజాప్రయోజన వ్యాజ్యమును దాఖలైనది. దోషులెవ్వరను మాటను న్యాయస్థానములకు విడుతము. మిగిలిన ప్రశ్నలు మనవి. నిపుణులు చెప్పిన ప్రతిమాటకు ఎదుట బాధ్యుడైన అధికారి పేరున్నదా? గడువున్నదా? పాశమైలారము, బొల్లారము, జిన్నారము, జహీరాబాదు ప్రాంతములలో పొడులను, ద్రావకములను వాడు కర్మాగారముల యజమానులకు ఆ పాఠములు అందినవా? కాంట్రాక్టరు తెచ్చిన బీహారు కూలీకి అతని భాషలో ఎవ్వరైన చెప్పిరా? మీలో ఎవ్వరైన ఆ సిఫారసులను చదివియున్నచో చేయెత్తుడు.

అధికారులు కదలరని నిరాశ చెందుటయు తగదు. మన పటాన్‌చెరు చరిత్రయే వేఱొక పాఠమును చెప్పుచున్నది. కర్మాగారముల మురుగు నక్కవాగులో కలిసి, బావులు చెడి, పొలములు పాడైనప్పుడు, 1990లో సుప్రీంకోర్టున వ్యాజ్యము వేసిరి. కోర్టు ఊరకే సలహాయిచ్చి ఊరుకొనలేదు. విచారణ జరిపించెను, నష్టపరిహారమునుగూర్చి, గ్రామములకు మంచినీటినిగూర్చి ఆజ్ఞలిచ్చెను, ఏమి చేసితిరని మరల మరల పిలిచి అడిగెను. ఆ వ్యాజ్యము అటుపిమ్మట ఉన్నతన్యాయస్థానమునకును, హరిత న్యాయస్థానమునకును సాగెను. కాలుష్యము పూర్తిగ పోయినదని ఎవ్వరును అనలేరు. కాని జరిగినంతవఱకు ఏల జరిగినది? వాయిదా యుండెను గనుక. ఆ వాయిదానాడు ఒక అధికారి నిలువబడి సమాధానము చెప్పవలసియుండెను గనుక.

ఇక ఆక్షేపణలు. నివేదికలను ప్రకటించినచో క్రిమినలు విచారణకు భంగమని కొందఱందురు. నేను న్యాయవాదిగ చెప్పుచున్నాను: దోషనిర్ణయము వేఱు, నివారణోపాయము వేఱు. ఫలానివాడు నేరస్థుడను భాగమును కోర్టువఱకు దాచుకొనుడు. ధూళిని దినదినము ఊడ్చివేయుడు, ప్రేలుడు ఒత్తిడి బయటికి పోవు మార్గముంచుడు, పనిచేయు యంత్రముచెంత అవసరమునకు మించిన జనమును ఉంచకుడు, అను మాటలు ఏ ముద్దాయికి హాని చేయును? పరిశ్రమలు తరలిపోవునని మఱికొందఱందురు. మన మందులు అనేకదేశములకు పోవుచున్నవి. మాత్ర పరిశుద్ధతను పరీక్షించుటకు విదేశపు తనిఖీదారు సముద్రములు దాటి వచ్చినప్పుడు మన యజమానులు కాగితములన్నియు సిద్ధముగనుంచి చూపుదురు. మాత్రకు చూపిన శ్రద్ధ మనిషికి చూపినంతమాత్రమున పరిశ్రమ పాఱిపోదు.

మనమేమి కోరవలెను? 1948 నాటి చట్టము స్థానమున వృత్తిభద్రత, ఆరోగ్యము, పనిపరిస్థితులకు సంబంధించిన 2020 నాటి సంహిత 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. సంహిత క్రింద నియమములు చేయు అధికారము రాష్ట్రములకు కలదు. ప్రాణనష్టము కలిగిన ప్రతి ప్రమాదముపై నివేదికను ప్రకటింపవలెననియు, ప్రతి సిఫారసును పేరుపేరున ఒక యధికారికి అప్పగింపవలెననియు, ఆయన అరువది దినములలో వ్రాతమూలమున జవాబీయవలెననియు, ఏటేట ఆ పట్టికను శాసనసభ ముందుంచవలెననియు మనము కోరుదము. ఇది విపరీతమైన కోరిక కాదు. 1952 నాటి విచారణకమిషన్ల చట్టము క్రింద వచ్చిన నివేదికను, తీసికొన్న చర్యల వివరణతో కూడ, ఆరునెలలలో శాసనసభ యెదుట ఉంచవలెనని శాసనమే చెప్పుచున్నది. ప్రభుత్వపుటుత్తరువుతో కూర్చుండబెట్టిన అధికారుల సంఘమునకు ఆ నియమము వర్తింపదు. ఒక సంఘమునకున్న క్రమము ఇంకొకదానికి ఏల ఉండరాదు?

శాసనము వచ్చువఱకు చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కఱలేదు. ఈ సభలో కూర్చున్నవారు చేయగల పని యొకటి కలదు. పఠనమందిరమున ఒక పుస్తకము తెఱవుడు. జిల్లాలో జరిగిన ప్రతి కర్మాగారమరణము, తేదీ, విచారించినవారు, వారు చెప్పినది, జరిగినది, ఈ వరుసలు గీయుడు. 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద పది రూపాయల రుసుముతో అడుగుడు. ముప్పది దినములలో జవాబు రావలెను. విచారణకు ఆటంకమని 8వ సెక్షనును చూపి త్రోసివేసినచో, ప్రజాహితము హానికంటె మించినప్పుడు సమాచారమీయవచ్చునని అదే సెక్షను చెప్పుచున్నదని జ్ఞాపకముచేసి అప్పీలు చేయుడు. దరఖాస్తు వ్రాయుటకు నావంటి వారము ఫీజు లేకయే వచ్చెదము. ఖాళీగ మిగిలిన గడులే మీ తరువాతి ప్రశ్నలగును.

1930లో మన జిల్లాలోని జోగిపేటయందు ప్రథమాంధ్రమహాసభ జరిగినది. అచ్చట కూడినవారికి శాసనసభ లేదు, సమాచారహక్కు లేదు, ఓటు లేదు. ఐనను ప్రజల కష్టములను కాగితముమీద పెట్టి ప్రభుత్వము నడిగిరి. మనకు ఆ మూడును కలవు. చనిపోయిన 54 మందిలో పెక్కురికి ఈ జిల్లాలో ఓటులేదు. వారి తల్లిదండ్రులు వేయిమైళ్ల దూరమున నున్నారు. వారు వచ్చి మన కలెక్టరు కచ్చేరీ మెట్లెక్కి అడుగజాలరు. వారు తయారుచేసిన పొడితో చేసిన మాత్రలను మ్రింగినవారము మనము. వారి పక్షమున అడుగవలసిన బాధ్యత మనదే. రేపు ఆదివారము ఆ పుస్తకమున మొదటిపుటను వ్రాయుదమని నా మనవి.